తలకు పెట్టుకునే 3డి డిస్‌ప్లేతో ల్యాపరోస్కోపీ: థియేటర్‌లో సిద్ధం చేసుకునే పద్ధతి

పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో లోపల చూస్తూ చేసే ఆపరేషన్ ల్యాపరోస్కోపీ. అందులో సర్జన్ చేతులు ఒక దిక్కున, చూపు మరో దిక్కున ఉంటాయి. రోగి పొట్టలో పనిముట్లు కదుపుతూ, ఎక్కడో స్టాండు మీదున్న మానిటర్ వైపు మెడ తిప్పి గంటల తరబడి నిలబడాలి. పైగా మామూలు మానిటర్‌లో లోతు తెలియదు. సూది మొన కణజాలానికి ఇవతల ఉందా, తాకిందా అన్నది నీడను బట్టి, పనిముట్టు కదలికను బట్టి ఊహించుకోవాల్సిందే. తలకు పెట్టుకునే 3డి డిస్‌ప్లే ఈ రెండు ఇబ్బందులనూ తగ్గిస్తుంది: తల ఎటు తిప్పినా తెర కళ్లముందే ఉంటుంది, ప్రతి కంటికీ వేరే బొమ్మ అందుతుంది కాబట్టి లోతు నేరుగా కనిపిస్తుంది. కానీ సరిగ్గా అమర్చకపోతే తలనొప్పి, వికారం తప్ప ఏమీ మిగలదు. ఒకసారి అలా ఇబ్బంది పడిన సర్జన్ మళ్లీ దాన్ని ముట్టుకోరు. పరికరం బీరువాలో దుమ్ము పడుతుంది.

ఈ పద్ధతంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. కొనలో పక్కపక్కన రెండు లెన్సులున్న ఎండోస్కోప్ (పొట్టలోకి పంపే కెమెరా గొట్టం) రెండు బొమ్మలు పంపుతుంది. ఆ రెండింటి మధ్య ఉండాల్సిన తేడా ఒక్కటే: వస్తువు దూరాన్ని బట్టి అడ్డంగా కాస్త జరిగి కనిపించడం. ఎత్తులో, వెలుగులో, రంగులో, స్పష్టతలో, సమయంలో తేడా రాకూడదు. వస్తే మెదడు రెండు బొమ్మలనూ కలపలేక అవస్థ పడుతుంది. కింద చెప్పే పరీక్షలన్నీ ఆ అక్కర్లేని తేడాలను, రోగిని బల్ల మీదికి తీసుకురాకముందే పట్టుకోవడానికి.

ఏ రకం డిస్‌ప్లే, ఏ పనికి

తలకు పెట్టుకునే పరికరాలు రెండు రకాలు. మొదటిది కళ్లముందు రెండు చిన్న తెరలు పెట్టి ఎండోస్కోప్ బొమ్మను చూపించేది. సోనీ 2011లో ఇళ్లలో సినిమాలు చూడటానికి హెచ్‌ఎంజెడ్-టీ1 అనే పరికరం తెచ్చింది. 2013లో అదే దారిలో ఎండోస్కోపీ సర్జన్ల కోసం వైద్య నమూనాను విడుదల చేసింది. టోక్యో మెడికల్ అండ్ డెంటల్ యూనివర్సిటీలో యూరాలజీ సర్జన్లు ఇలాంటి డిస్‌ప్లేలను పెట్టుకుని చిన్న కోతతో శస్త్రచికిత్సలు చేశారు. రెండో రకం పారదర్శకమైన అద్దంలోంచి బయటి ప్రపంచం కనిపిస్తూనే దాని మీద బొమ్మ పడేది. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2, వెన్నెముకలో స్క్రూలు వేయడానికి 2019 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ఆగ్మెడిక్స్ ఎక్స్‌విజన్ ఈ కోవలోవి.

ల్యాపరోస్కోపీలో సన్నని కుట్లకు మొదటి రకమే కావాలి. పారదర్శకమైన అద్దంలో థియేటర్ దీపాల వెలుగు బొమ్మ వెనక నుంచి తోసుకొస్తుంది, నల్లని భాగాలు నల్లగా కనిపించవు, రక్తం చేరిన చీకటి మూల అసలు తెలియదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా మొదటి రకం గురించే.

కొనేముందు ఒక లెక్క వేసుకోండి. తెర ఎన్ని డిగ్రీల వెడల్పులో కనిపిస్తుందో, అడ్డంగా ఎన్ని పిక్సెళ్లున్నాయో తయారీదారు ఇస్తారు. 45 డిగ్రీల వెడల్పులో 1280 పిక్సెళ్లుంటే డిగ్రీకి సుమారు 28 వస్తాయి. 1920 ఉంటే 43. ఆరోగ్యంగా ఉన్న కన్ను డిగ్రీకి సుమారు 60 దాకా విడిగా గుర్తించగలదు. అదే 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌ను మీటరున్నర దూరం నుంచి చూస్తే 26 డిగ్రీల వెడల్పే ఉంటుంది, డిగ్రీకి 70 పైనే పిక్సెళ్లు పడతాయి. అంటే తల డిస్‌ప్లేలో బొమ్మ పెద్దది, కానీ కాస్త మొరటుది. సన్నని దారంతో పనిచేసే సర్జన్ ఇది తెలిసే ఎంచుకోవాలి. పోలరైజ్డ్ కళ్లజోడుతో చూసే 3డి మానిటర్‌కు మరో లోటుంది: ఎత్తు మారినా, పక్కనుంచి చూసినా ఒక కంటి బొమ్మ రెండో కంట్లోకి లీకై అంచుల వెంట దెయ్యపు నీడలు పడతాయి. తల డిస్‌ప్లేలో రెండు తెరలూ వేరు కాబట్టి ఆ సమస్యే ఉండదు. సర్జన్ పొట్టిగా ఉన్నా, స్టూలు మీద నిలబడినా, బల్లను వాల్చినా తేడా రాదు. నా దృష్టిలో దీని అసలైన లాభం ఇదే. మార్కెటింగ్ కాగితాల్లో మాత్రం దీనికి పెద్దగా చోటు దొరకదు.

ఇంట్లో ఆటలాడుకునే వీఆర్ హెడ్‌సెట్‌కు తీగ తగిలించి థియేటర్‌లోకి తేవద్దు. వైద్య విద్యుత్ పరికరాలకు ఐఈసీ 60601-1 భద్రతా ప్రమాణం ఉంది. డయాథెర్మీ (కరెంటుతో కణజాలాన్ని కోసే, రక్తం ఆపే పరికరం) నడిచే చోట, రోగికి మానిటర్లు తగిలించి ఉన్న చోట ఆ ప్రమాణానికి తగ్గవే ఉండాలి. మన దేశంలో 2017 వైద్య పరికరాల నియమాల కింద అనుమతి ఉందో లేదో కూడా కొనుగోలు ఫైలులో చూసుకోవాలి.

ముందు సర్జన్ కళ్లు చూడండి

రెండు కళ్లతో లోతు చూడగలగడం అందరికీ ఒకేలా ఉండదు. చిన్నప్పుడు మెల్లకన్ను ఉన్నవాళ్లకు, ఒక కన్ను మందగించినవాళ్లకు 3డి డిస్‌ప్లే వల్ల పెద్దగా లాభం ఉండకపోవచ్చు. కంటి విభాగంలో రాన్‌డాట్ లేదా టిట్మస్ పరీక్ష చేయించండి. 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం పట్టుకుని ఏ బొమ్మ ముందుకు వచ్చినట్టుందో గుర్తించడమే, ఐదు నిమిషాల పని. 60 ఆర్క్‌సెకన్లు లేదా అంతకన్నా సన్నని తేడా గుర్తిస్తే సరిపోతుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). అంతకన్నా బాగా పెద్ద తేడాలు మాత్రమే గుర్తించగలిగితే ఆ సర్జన్ 2డీలోనే పనిచేయడం మేలు. ఏళ్ల తరబడి 2డీలో చేయి తిరిగిన సర్జన్‌కు అది చిన్నతనం కాదు.

తర్వాత కనుపాపల మధ్య దూరం. పెద్దవాళ్లలో సగటు 63 మిల్లీమీటర్లు, చాలామందిలో 54 నుంచి 74 మధ్య ఉంటుంది. కళ్లజోళ్ల దుకాణంలో కొలిచే పీడీ స్కేలు చాలు. సర్జన్‌ను గది అవతలి గోడ మీది గుర్తు వైపు చూడమనండి. దగ్గరి వస్తువును చూస్తుండగా కొలిస్తే కళ్లు లోపలికి తిరిగి రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది, డిస్‌ప్లేకు ఆ కొలత పనికిరాదు. కొలిచేవాళ్లు ఎదురుగా చేయి చాపినంత దూరంలో నిలబడి, తమ కుడి కన్ను మూసి, ఎడమ కంటితో సర్జన్ కుడి కనుపాప నడిమికి సున్నా పెట్టాలి. స్కేలు కదపకుండా ఎడమ కన్ను మూసి, కుడి కంటితో సర్జన్ ఎడమ కనుపాప నడిమి గీత చదవాలి. సర్జన్ చూపు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఆ గోడ గుర్తు మీదే ఉండాలి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి. దాన్ని డిస్‌ప్లే మీది చక్రంలో పెట్టి, ఆ సర్జన్ పేరు ఎదుట రిజిస్టర్‌లో రాయండి.

కళ్లజోడు సంగతి. ఒకే పవరు ఉన్న అద్దాలైతే చాలా డిస్‌ప్లేల లోపల పడతాయి, ఫ్రేము సన్ననిదై ఉండాలి. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలు పనికిరావు. వాటి కింది భాగం దగ్గరి చూపు కోసం. డిస్‌ప్లే బొమ్మ మాత్రం కంటికి మీటరో రెండు మీటర్లో దూరంలో ఉన్నట్టు ఫోకస్ అవుతుంది. బొమ్మ కింది భాగాన్ని ఆ దగ్గరి చూపు అద్దంలోంచే చూడాల్సి వచ్చి అది మసకబారుతుంది. నలభై ఐదు దాటినవాళ్లకు డిస్‌ప్లే కోసం దూరపు చూపు అద్దం చాలు. కానీ డిస్‌ప్లే కింది సందులోంచి పనిముట్ల బల్ల చూసినప్పుడు దగ్గరి చూపు మసకగా ఉంటుందని వాళ్లు ముందే తెలుసుకోవాలి. ఆ కింది సందు ఎప్పుడూ తెరిచే ఉండాలి. సర్జన్ తన చేతులను, ట్రోకార్లను (పనిముట్లు, స్కోప్ లోపలికి పోయేందుకు పొట్టకు దించిన గొట్టాలు), పనిముట్టు మార్చే నర్సు చేతిని చూసేది దాంట్లోంచే. నాలుగు వైపులా మూసేసే రకం థియేటర్‌కు ప్రమాదకరం.

తీగలు, బాక్సులు

కెమెరా ప్రాసెసర్ నుంచి 3డి బొమ్మ బయటికి మూడు నాలుగు రూపాల్లో వస్తుంది. ఎడమ, కుడి బొమ్మలకు రెండు వేర్వేరు 3జీ-ఎస్‌డీఐ వీడియో తీగలు ఉంటే అదే అన్నిటికన్నా మంచిది. ప్రతి కంటికీ పూర్తి 1920 × 1080 అందుతుంది. పక్కపక్కన కుదించే రూపంలో ఒక్కో కంటికి 960 నిలువు వరుసలే మిగులుతాయి, పైన కింద పేర్చే రూపంలో 540 అడ్డ గీతలే. గీత విడిచి గీత పేర్చే రూపం పోలరైజ్డ్ మానిటర్ల కోసం, అదీ సగమే ఇస్తుంది. ప్రాసెసర్ ఏ రూపంలో పంపుతోందో డిస్‌ప్లే బాక్సులోనూ అదే ఎంచుకోవాలి. రూపం తప్పితే లక్షణాలు వెంటనే కనిపిస్తాయి: రెండు సన్నని బొమ్మలు పక్కపక్కన కనిపిస్తే పక్కపక్కన రూపాన్ని 2డీగా చదువుతోందని, అడ్డంగా రంపపు పళ్లలా అంచులు చీలితే గీత విడిచి గీత రూపాన్ని విడదీయడం లేదని అర్థం.

రెండు ఎస్‌డీఐ తీగలూ ఒకే రకం, ఒకే పొడవు, 75 ఓమ్‌ల బీఎన్‌సీ తీగలై ఉండాలి. ఎడమ తీగకు రెండు కొసల్లోనూ ఒక రంగు టేపు, కుడి తీగకు వేరే రంగు టేపు చుట్టండి. ఈ చిన్న పని చేయని థియేటర్లలో శుభ్రం చేసిన ప్రతిసారీ ఎడమ కుడి తారుమారవుతుంది. రికార్డర్‌ను ఈ దారి మధ్యలో పెట్టకూడదు. ప్రాసెసర్‌కున్న వేరే అవుట్‌పుట్ నుంచి రికార్డర్‌కు, మరో అవుట్‌పుట్ నుంచి స్టాండు మానిటర్‌కు తీగ లాగాలి. ఆ మానిటర్ ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి. మత్తు డాక్టరు, స్క్రబ్ నర్సు, కెమెరా పట్టుకునే అసిస్టెంటు ఆపరేషన్‌ను చూసేది దాంట్లోనే. డిస్‌ప్లే ఆగితే సర్జన్ తల తిప్పేదీ దాని వైపే.

ప్రాసెసర్, లైట్ సోర్స్, డిస్‌ప్లే బాక్సు మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లలో బాక్సు ఆగితే, మళ్లీ లేచి రూపం గుర్తుపట్టి రెండు కళ్లకూ బొమ్మ ఇవ్వడానికి చాలాసేపు పడుతుంది. రక్తనాళం మీద క్లిప్ వేస్తున్నప్పుడు ఆ ఆలస్యం భరించలేం.

రోగి రాకముందు నాలుగు పరీక్షలు

ఇవి ఓటీ టెక్నీషియన్ పదిహేను నిమిషాల్లో చేయగలిగినవి. అంతకుముందు లెన్సులు తుడిచి, తెల్లని గాజ్‌ను కొనకు 5 సెంటీమీటర్ల దూరంలో పట్టి వైట్ బ్యాలెన్స్ చేయండి, అంటే తెలుపు తెల్లగానే కనిపించేలా కెమెరాను సరిచేయండి. తర్వాత ఒక్కో కన్ను మూసి చూడండి. ఒక కంట్లో గాజ్ పసుపుగా, మరో కంట్లో నీలంగా కనిపిస్తే మళ్లీ చేయాలి.

మొదటి పరీక్ష ఎడమ కుడి. చిన్న గాజ్ ముక్కతో ఎండోస్కోప్ కొనలో ఎడమ లెన్సును మూయండి. డిస్‌ప్లేలో ఎడమ కన్ను చీకటి కావాలి. కుడి కన్ను చీకటైతే తీగలు మారాయి. తారుమారైన బొమ్మ మొదటి చూపులో బాగానే అనిపిస్తుంది. కానీ ముందున్నది వెనక్కి, వెనకున్నది ముందుకి కనిపిస్తుంది. కణజాలం నునుపుగా, నీడలు తక్కువగా ఉన్నప్పుడు అనుభవమున్న సర్జన్ కూడా దాన్ని వెంటనే పట్టలేకపోవచ్చు. అందుకే ఈ పరీక్షను ఏ రోజూ వదలకూడదు.

రెండోది ఎత్తు. గ్రాఫ్ కాగితాన్ని కొనకు 5 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి ఒక అడ్డగీతను చూస్తూ కళ్లు ఒకటి తర్వాత ఒకటి మూయండి. గీత పక్కకు జరగవచ్చు, పైకీ కిందికీ ఎగరకూడదు. మనిషి కళ్లు లోపలి వైపుకు బాగానే కలిసి తిరుగుతాయి కానీ ఒకటి పైకి, ఒకటి కిందికి తిరగడం చాలా కొద్దిగానే వాటి చేత అవుతుంది. అందువల్ల నిలువు తేడా కొంచెం ఉన్నా అరగంటలో కళ్లు లాగేస్తాయి. గీత ఎగిరితే డిస్‌ప్లే సొంత టెస్ట్ బొమ్మ పెట్టి చూడండి. అందులోనూ ఎగిరితే లోపం డిస్‌ప్లేలో లేదా అది తల మీద కూర్చున్న తీరులో ఉంది. అందులో సరిగ్గా ఉండి స్కోప్ బొమ్మలో మాత్రమే ఎగిరితే స్కోప్ ఎక్కడో దెబ్బ తింది. కింద పడిన స్కోపులకు వచ్చే జబ్బు ఇది. ప్రాసెసర్ మెనూలో సవరణ ఉంటే ప్రయత్నించండి, లేకపోతే సర్వీసుకు పంపండి. అలాంటి స్కోప్‌తో 3డి చేయవద్దు.

మూడోది సమయం. ఇది చాలామందికి తెలియదు, అందుకే వివరంగా. పదిహేను సెంటీమీటర్ల దారానికి చిన్న నట్టు కట్టి, కొనకు 6-7 సెంటీమీటర్ల దూరంలో ఎడమ నుంచి కుడికి ఊపండి. డిస్‌ప్లేలో చూస్తున్నవాళ్లకు నట్టు ఒకే గీత మీద అటూ ఇటూ ఊగాలి. దగ్గరికీ దూరానికీ గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తే రెండు కళ్ల బొమ్మలు ఒకే క్షణానివి కావు. సెకనుకు 60 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేము వెనకబడితే అది 16.7 మిల్లీసెకన్ల తేడా. సెకనుకు పది సెంటీమీటర్ల వేగంతో కదిలే సూది ఆలోగా 1.7 మిల్లీమీటర్లు జరుగుతుంది. మెదడు ఆ జరుగుదలను లోతుగా పొరబడుతుంది. ఒక కంటి తెర రెండోదానికన్నా మసకగా ఉన్నా ఇదే భ్రమ వస్తుంది, దీన్నే పుల్‌ఫ్రిక్ ప్రభావం అంటారు. కాబట్టి ముందు వెలుగు సమానమో కాదో చూసి, తర్వాత కన్వర్టర్లు (వీడియోను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే బాక్సులు) వెతకండి. ఒక తీగ దారిలో మాత్రమే కన్వర్టర్ ఉండటం సాధారణంగా దొరికే కారణం.

నాలుగోది ఆలస్యం, అంటే స్కోప్ చూసింది తెర మీదికి చేరడానికి పట్టే సమయం. స్కోప్ ముందు చిన్న ఎల్‌ఈడీ టార్చి పెట్టండి. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, టార్చి, డిస్‌ప్లే కంటి అద్దం రెండూ ఒకే వీడియోలో పడేలా తీయండి. టార్చి వెలిగిన ఫ్రేము నుంచి తెర వెలిగిన ఫ్రేము వరకు లెక్కపెట్టి 4.2తో గుణిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. 20 ఫ్రేములంటే సుమారు 84. ఐదుసార్లు తీసి సగటు చూడండి. 100 దాటితే ఆ సెట్టింగును కుట్లకు వాడకుండా, దారిలో అదనపు బాక్సులు ఏవున్నాయో చూసి తీసేయండి. ప్రాసెసర్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగు, డిస్‌ప్లేలో బొమ్మ మెరుగు సెట్టింగు ఒక్కొక్కటీ ఫ్రేములు తింటాయి. వాటిని ఆపి మళ్లీ కొలవండి. ఈ నాలుగో పరీక్ష రోజూ అక్కర్లేదు, దారిలో ఏదైనా మార్చినప్పుడు చాలు.

తలకు పెట్టుకోవడం

చేతులు కడుక్కోకముందే ఇదంతా అయిపోవాలి. గ్లవ్స్ వేసుకున్నాక సర్జన్ డిస్‌ప్లేను ముట్టుకోకూడదు, అది స్టెరైల్ కాదు.

ముందు మాస్కు. పై అంచును ముక్కు మీద, బుగ్గల మీద టేపుతో పూర్తిగా అతికించండి. ఊపిరి పైకి వస్తే ముందు ఒక కంటి అద్దం మీద ఆవిరి పడుతుంది. ఒక కన్ను మసక, ఒక కన్ను స్పష్టం అన్న స్థితి రెండూ మసకగా ఉన్నదానికన్నా ఎక్కువ అలసట ఇస్తుంది. టోపీ మీద నుంచి పట్టీ వేసి, బరువు నుదుటి మీద కాకుండా తల వెనక ఎముక దగ్గర పట్టీ మీద పడేలా బిగించండి. 400-500 గ్రాముల పరికరమైనా ముందుకు వేలాడితే మెడ వెనక కండరాలు రెండు గంటలు దాన్ని లాగుతూనే ఉంటాయి. పట్టీ వెనక బ్యాటరీ లేదా బాక్సు ఉండే నమూనాలు ఈ విషయంలో మెరుగు. బరువు ముక్కు మీద పడితే ఇరవై నిమిషాల్లో డిస్‌ప్లే జారి, బొమ్మ కింది అంచు మసకబారుతుంది.

ఇప్పుడు టెస్ట్ బొమ్మ పెట్టి, ఒక్కో కన్ను మూసి, నాలుగు మూలలూ స్పష్టంగా కనిపించేదాకా పైకి కిందికి సరిచేయండి. రెండు కళ్లూ తెరిస్తే ఒకే చట్రం కనిపించాలి. చట్రం రెండుగా కనిపించి మెల్లగా కలుస్తుంటే కనుపాపల దూరం తప్పింది. తల నిటారుగా పెట్టి, ఆపరేషన్ చేసేటప్పుడు నిలబడే తీరులో నిలబడి మళ్లీ చూడండి. కూర్చున్నప్పుడు సరిపోయింది నిలబడితే తప్పవచ్చు.

తీగను వీపు మధ్యగా కిందికి వదిలి, స్క్రబ్ దుస్తులకు మెడ దగ్గర ఒక క్లిప్, నడుము దగ్గర ఒక క్లిప్ పెట్టండి. మెడ దగ్గర అరచేయి వెడల్పు వదులు ఉండాలి, లేకపోతే తల తిప్పినప్పుడల్లా డిస్‌ప్లేను వెనక్కి లాగుతుంది. గౌను దాని మీద పడుతుంది. నేల మీద డయాథెర్మీ తీగకు సమాంతరంగా పోనీయకండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. సర్జన్ బల్ల అటువైపు మారే ఆపరేషన్ అయితే తీగ పొడవు ముందే నడిచి చూసుకోండి.

కొత్తవాళ్లు మొదట రోగి మీద కాదు, శిక్షణ పెట్టెలో సాధన చేయాలి. ఎఫ్‌ఎల్ఎస్ అనే ప్రాథమిక ల్యాపరోస్కోపీ శిక్షణలో ఉన్న ఆరు వస్తువులను ఒక చేతి నుంచి మరో చేతికి మార్చి ఎదుటి మేకులకు తొడిగే అభ్యాసం దీనికి సరిగ్గా సరిపోతుంది. 2డి మానిటర్‌తో ఒకసారి, డిస్‌ప్లేతో ఒకసారి చేసి సమయం, జారవిడిచిన వస్తువులు రాసుకోండి. డిస్‌ప్లేతో తప్పులు పెరుగుతుంటే అమరికలో ఏదో తేడా ఉందనే అనుమానించాలి.

పొట్ట లోపల కెమెరా నడిపే తీరు

3డి స్కోప్‌ను 2డి స్కోప్‌లా నడిపితే అంతా పాడవుతుంది. కారణం లెక్కలో ఉంది. కొనలో రెండు లెన్సుల మధ్య 5 మిల్లీమీటర్ల ఎడం ఉందనుకోండి. 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న సూదిని చూస్తే రెండు చూపుల మధ్య కోణం సుమారు 5.7 డిగ్రీలు. మన కళ్ల మధ్య 63 మిల్లీమీటర్లు కాబట్టి, 63 సెంటీమీటర్ల దూరంలోని వస్తువును మామూలుగా చూసినప్పుడు కూడా అదే కోణం వస్తుంది, కళ్లకు హాయి. స్కోప్‌ను 2.5 సెంటీమీటర్లకు జరిపితే కోణం 11 డిగ్రీలు దాటుతుంది, ముప్పై సెంటీమీటర్ల దూరంలో పుస్తకం పెట్టి చదివినట్టు. కళ్లు లోపలికి లాగుతాయి కానీ ఫోకస్ మాత్రం తెర దూరంలోనే ఉండాలి. ఆ రెండు పనులూ కలవకపోవడం వల్లే కళ్లు అలసిపోతాయి. ఇంకా దగ్గరికి పోతే బొమ్మ రెండుగా విడిపోతుంది. అసిస్టెంటుకు చెప్పాల్సిన మాట: కుట్లు వేసేటప్పుడు 5 సెంటీమీటర్ల దగ్గర ఉండండి, 3 కన్నా లోపలికి రావద్దు, పెద్దగా కావాలంటే ప్రాసెసర్ జూమ్ వాడండి.

ట్రోకార్ గొట్టం అంచు బొమ్మలో కనిపించకూడదు. అది లెన్సుకు మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండు కళ్లకూ వేర్వేరు చోట్ల కనిపించి పక్క చూపులో చిరాకు పెడుతుంది. కొనను గొట్టం దాటి కనీసం ఒకటి రెండు సెంటీమీటర్లు లోపలికి పెట్టండి.

వంపు చూపు ఉన్న 30 డిగ్రీల స్కోప్ దగ్గర ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2డీలో కెమెరా తల నిటారుగా పట్టుకుని స్కోప్‌ను మాత్రం తిప్పి పక్కలు చూస్తాం. 3డీలో లెన్సుల జత స్కోప్‌లోనే బిగిసి ఉంటే స్కోప్ తిప్పగానే బొమ్మ మొత్తం వాలిపోతుంది. కింది చూపు నుంచి పై చూపుకు మారాలంటే స్కోప్‌ను పూర్తిగా 180 డిగ్రీలు తిప్పి, కెమెరా మీద బొమ్మ తిప్పే బటన్ నొక్కాలి. ఆ బటన్ రెండు పనులు చేయాలి: బొమ్మను తలకిందులు చేయడం, ఎడమ కుడి మార్చడం. తిప్పాక ఎడమ లెన్సు కుడి వైపుకు వచ్చింది కదా. డిస్‌ప్లే బాక్సులోని తిప్పే సెట్టింగు మొదటి పని మాత్రమే చేస్తే లోతు తలకిందులవుతుంది. కాబట్టి ఎప్పుడూ కెమెరా బటనే వాడండి, వాడాక ఒకసారి పనిముట్టు మొనను కణజాలానికి దగ్గరగా తెచ్చి ముందు వెనకలు సరిగ్గా ఉన్నాయో చూడండి. కొన నాలుగు వైపులా వంగే స్కోప్ ఉంటే ఈ తలనొప్పి లేదు. ఒలింపస్ ఎండోఐ ఫ్లెక్స్ 3డి అలాంటిదే, దాని కొన 100 డిగ్రీల దాకా వంగుతుంది.

స్కోప్‌ను బయటికి తీసేముందు అసిస్టెంటు "తీస్తున్నా" అని పైకి చెప్పాలి. కళ్లముందు నిండుగా ఉన్న బొమ్మ ఒక్కసారిగా గది మొత్తం ఊగితే వికారం వస్తుంది. సర్జన్ ఆ క్షణం కళ్లు మూసుకోవాలి లేదా కింది సందులోంచి చేతుల వైపు చూడాలి.

మధ్యలో ఏం చెడుతుంది

అన్నిటికన్నా తరచుగా వచ్చేది ఒక లెన్సు మీద మరక. రెండు లెన్సుల్లో ఒకదాని మీద కొవ్వు చుక్క పడితే 2డీలోలా బొమ్మ మసకబారదు. రెండో కన్ను స్పష్టంగా చూస్తుంటుంది కాబట్టి సర్జన్‌కు మసక తెలియదు, లోతు మాత్రం మాయమవుతుంది. "ఎందుకో సూది పట్టు దొరకడం లేదు" అంటే ముందుగా ఒక్కో కన్ను మూసి చూడమనండి. పరిష్కారం స్కోప్ తీసి తుడవడం. స్టెరైల్ నీళ్లు 50-60 డిగ్రీల వేడిలో ఫ్లాస్కులో ఉంచి, కొనను ఒక నిమిషం ముంచి, మెత్తని గాజ్‌తో రెండు లెన్సులూ తుడవండి. ఉప్పు నీళ్లు వద్దు, ఆరితే పొర మిగులుతుంది. ఆవిరి మళ్లీ మళ్లీ పడుతుంటే పొట్టను ఉబ్బించే గ్యాసు గొట్టాన్ని స్కోప్ ఉన్న ట్రోకార్ నుంచి వేరే ట్రోకార్‌కు మార్చండి. చల్లని పొడి గ్యాసు నేరుగా కొన మీద పడటం కారణం. డయాథెర్మీ పొగకు కూడా వేరే ట్రోకార్ కుళాయి కొద్దిగా తెరవండి.

డిస్‌ప్లే జారితే ఫ్లోర్ నర్సు వెనక నుంచి వచ్చి సరిచేయాలి. సర్జన్ పని ఆపి, పనిముట్లు బొమ్మలో కనిపించేలా పట్టుకుని, "పైకి", "కొంచెం బిగించండి" అని మాటల్లో చెప్పాలి. ముందు నుంచి చేయి చాచితే స్టెరైల్ ప్రాంతం మీదుగా పోతుంది.

వికారం, తలనొప్పి మొదలైతే ఓర్చుకోవద్దు. డిస్‌ప్లే పైకెత్తి, గది చివర చూస్తూ అరనిమిషం ఆగి, ఎత్తు, వెలుగు, రంగు, స్పష్టత, సమయం అనే తేడాల్లో ఏది వచ్చిందో చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నా తగ్గకపోతే 2డి మానిటర్‌కు మారి ఆపరేషన్ పూర్తి చేయండి. బాగా ఉన్నప్పుడు కూడా అరగంటకోసారి దూరంగా చూడటం అలవాటు చేసుకోవాలి.

పెద్ద రక్తస్రావం అయి పొట్ట తెరవాల్సి వస్తే డిస్‌ప్లే అడ్డం. ఎవరు తీస్తారు, ఏ క్లిప్ ముందు విప్పుతారు, తీగ ఎటు లాగుతారు అన్నది ముందే నిర్ణయించి ఖాళీ థియేటర్‌లో చేసి చూడండి. ఫ్లోర్ నర్సు పది సెకన్లలో తీయగలగాలి. నడుము క్లిప్ మర్చిపోయి తల దగ్గర లాగడం సాధారణంగా జరిగే పొరపాటు, అందుకే నడుము క్లిప్ లాగితే ఊడే రకం పెట్టండి.

తర్వాత

కంటి అద్దాలను లెన్సు గుడ్డతో మాత్రమే తుడవండి. వాటికున్న పూత ఆల్కహాల్‌కు పోవచ్చు, మాన్యువల్ ఏది అనుమతిస్తే అదే వాడాలి. పైభాగం, పట్టీలు క్రిమిసంహారక ద్రవంలో తడిపిన గుడ్డతో తుడవండి. నేరుగా స్ప్రే చేస్తే ద్రవం తెరల లోపలికి పోయి పొగమంచులా పొర కడుతుంది, అది మళ్లీ పోదు. నుదుటి ప్యాడ్ ఒక్కొక్కరికి కొత్తది. కంటి అద్దాలు ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టవద్దు, లోపలి లెన్సు ఎండను కూడగట్టి తెరను కాల్చేస్తుంది. బ్యాటరీ నమూనా అయితే బ్యాటరీ తీసి విడిగా ఉంచండి.

రిజిస్టర్‌లో సర్జన్ పేరు, కనుపాపల దూరం, కళ్లజోడా కాంటాక్ట్ లెన్సా, స్కోప్ నంబరు, ఎన్ని నిమిషాలు వాడారు, మధ్యలో ఎందుకు తీశారు అన్నవి రాయండి. ఒకే స్కోప్ నంబరు ఎదుట వేర్వేరు సర్జన్లకు తలనొప్పి రాసి ఉంటే ఆ స్కోప్‌ను గ్రాఫ్ కాగితం ముందు పెట్టండి. ఒకే సర్జన్‌కు అన్ని స్కోపులతోనూ వస్తుంటే ముందు పీడీ స్కేలు తీసి మళ్లీ కొలవండి.